గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టల్ స్లయిడ్ సగంలో ఆగిపోతోందా? ముందు గ్యాసో, రాపిడో తేల్చుకోండి

గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టల్ అంటే గ్యాస్ పీడనంతో ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీ. ప్రతి షాట్‌కీ వెనక్కీ ముందుకీ కదిలే దాని పైభాగమే స్లయిడ్. మీ పిస్టల్‌లో మొదటి కొన్ని షాట్లు బాగానే పోయి ఆ తర్వాత స్లయిడ్ సగం దాకానే వెనక్కి వస్తోందని, ఒక్కోసారి ముందుకొచ్చాక పూర్తిగా మూసుకోవడం లేదని రాశారు. ఈ రెండూ ఒకటే సమస్య కాకపోవచ్చు. పూర్తిగా వెనక్కి రాకపోవడం ఎక్కువగా గ్యాస్ సంగతి. మూసుకోకపోవడం ఎక్కువగా స్ప్రింగ్, రాపిడి సంగతి. ఈ పార్టులు మన దగ్గర దొరకడమే కష్టం కాబట్టి, ఏదైనా ఆర్డర్ పెట్టే ముందే ఇది తేల్చుకోండి.

కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. మ్యాగజైన్ (గ్యాసూ, గుళ్లూ నింపే భాగం) తీసి, పిస్టల్ లోపల బీబీ (ప్లాస్టిక్ గుండు) లేదని చూసుకోండి. స్లయిడ్‌ని వెనక్కి లాగి, చెయ్యి వదలకుండా నెమ్మదిగా ముందుకు పోనివ్వండి. చివర్లో తడబడితే తప్పు గ్యాస్‌ది కాదు. విశాఖలో నేను మొదట చూసేది స్లయిడ్‌ని ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగునే. పెదవాల్తేరులో మా ఇంట్లో ఉప్పుగాలికి తలుపు గడియలే బిగుసుకుపోతాయి, ఇక ఆ సన్నటి తీగ ఎంత? తుప్పు మచ్చలుంటే మెత్తగా తుడిచి, స్లయిడ్ జారే పట్టాల మీద సిలికోన్ గ్రీజు పల్చగా రాయండి. కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దు, కొన్ని రకాల రబ్బరు సీళ్లు దానికి ఉబ్బిపోతాయి.

చేత్తో లాగినప్పుడు సాఫీగా కదిలితే ఇక గ్యాస్ వైపు చూడాలి. లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు వేడిని మ్యాగజైన్ లోహం నుంచే లాగేసుకుంటుంది. గబగబా కాలిస్తే మ్యాగజైన్ చల్లబడి పీడనం పడిపోతుంది. గ్రీన్ గ్యాస్‌లో ప్రధానంగా ఉండేది ప్రొపేన్. 25 డిగ్రీల దగ్గర దాని పీడనం సుమారు 9.5 బార్, 10 డిగ్రీలకు దిగితే 6.4. అదే 134ఏ (ఈ పిస్టళ్లలో వాడే ఇంకో గ్యాస్) అయితే 6.6 నుంచి 4.1కి వస్తుంది. అందుకే ఇక్కడ ఆగకుండా పనిచేసే నా పిస్టల్, డిసెంబరులో అరకులో తెల్లవారగానే తీస్తే చివరి షాట్‌కి స్లయిడ్ వెనక్కి వచ్చి లాక్ కాలేదు. ఎండెక్కాక మామూలైపోయింది. మీదీ ఇలాంటిదేనేమో చూడండి. షాట్‌కీ షాట్‌కీ మధ్య కాస్త ఆగండి, రెండో మ్యాగజైన్ జేబులో వెచ్చగా ఉంచుకోండి. పొయ్యి దగ్గర, ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. 50 డిగ్రీలకు ప్రొపేన్ 17 బార్ దాటుతుంది.

వెచ్చటి మ్యాగజైన్‌తో మొదటి షాటే నీరసంగా ఉంటే స్లయిడ్‌లో ఉండే నాజిల్ లోపలి పిస్టన్ రింగ్ (గ్యాస్ పక్కకి పోకుండా ఆపే రింగు) అరిగిందేమో చూడండి. దాని మీద ఒక చుక్క సిలికోన్ ఆయిల్ వేసి మళ్లీ కాల్చండి. తేడా తెలిస్తే దోషం అక్కడే. నింపిన మ్యాగజైన్‌ని నీళ్లలో ముంచితే బుడగలు ఏ వాల్వు నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. తర్వాత బాగా ఆరబెట్టాలి, లేకపోతే మళ్లీ తుప్పే.

స్లయిడ్ బరువూ లెక్కలోకి వస్తుంది. మెటల్ స్లయిడ్‌ని 134ఏ సరిగ్గా తొయ్యలేకపోవచ్చు. 134ఏ కోసం చేసిన ప్లాస్టిక్ స్లయిడ్‌కి గ్రీన్ గ్యాస్ పెడితే పగిలే ప్రమాదం ఉంది. ఇంకో మాట, ఇది అచ్చం అసలు తుపాకీలాగే కనిపిస్తుంది. పరీక్షలన్నీ ఇంట్లోనే చేసుకోండి, బీచ్‌రోడ్డులో బయటికి తీయకండి.

మీ స్లయిడ్ మెటలా ప్లాస్టిక్కా, ఏ గ్యాస్ నింపుతున్నారు? అది చెబితే ఇంకాస్త వివరంగా రాస్తాను.