టేబుల్ సా మూలుగుతోంది, తిరగడం లేదు

ప్రశ్న: నా దగ్గర బెల్టుతో నడిచే టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం) ఉంది. దానికి 1.5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ మోటారు బిగించి ఉంది. మూడు నెలలు వాడకుండా వదిలేసి మొన్న స్విచ్ వేస్తే మోటారు గుయ్యిమని మూలుగుతోందే తప్ప బ్లేడు కదలడం లేదు. రెండోసారి ప్రయత్నించగానే సర్క్యూట్ బ్రేకర్ పడిపోయింది. ప్లగ్ తీసి చేత్తో తిప్పి చూస్తే బ్లేడు తేలికగానే తిరుగుతోంది. స్విచ్ వేసి కర్రముక్కతో బ్లేడును కాస్త నెడితే అందుకుంటుందని ఒక మిత్రుడు చెబుతున్నాడు. మోటారు కాలిపోయిందనుకోవాలా?

జవాబు: మీ మిత్రుడి సలహాను దయచేసి పాటించకండి. అలా నెడితే మోటారు అందుకునే మాట నిజమే. అందుకే ఆ సలహా అంత ప్రమాదకరమైనది. అందుకున్న మరుక్షణమే బ్లేడు పూర్తి వేగానికి చేరుతుంది, మీ చేతిలోని కర్రముక్కను పళ్లు పట్టుకుని విసురుతాయి, ఆ కర్రను పట్టుకున్న వేళ్లు బ్లేడుకు జానెడు దూరంలో కూడా ఉండవు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవారు కూడా దీన్ని చిట్కాగా చెప్పడం విన్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

మోటారు మూలుగుతున్నదంటే దానికి కరెంటు అందుతున్నదని అర్థం. కాబట్టి ప్లగ్గునూ స్విచ్చునూ మొదట అనుమానించనక్కరలేదు. సింగిల్ ఫేజ్ కరెంటు మోటారులో కలిగించే అయస్కాంత క్షేత్రం తనంతట తాను తిరగదు, ఉన్నచోటనే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. రోటారుకు, అంటే మోటారు లోపల తిరిగే భాగానికి, మొదటి తోపు ఇవ్వడానికి స్టార్టింగ్ వైండింగ్ అనే రెండో చుట్టు, దానితో వరుసలో ఒక కెపాసిటర్ (కరెంటును కాస్త నిలవ ఉంచుకునే భాగం) ఉంటాయి. మోటారు తన వేగంలో సుమారు నాలుగింట మూడు వంతులు అందుకోగానే, షాఫ్టు మీద ఉన్న సెంట్రిఫ్యూగల్ స్విచ్ విచ్చుకుని ఆ చుట్టును తప్పిస్తుంది. కెపాసిటర్ చచ్చిపోయినా, ఆ స్విచ్ పాయింట్లు ఒకదానితో ఒకటి కలవకపోయినా మొదటి తోపు ఉండదు, మూలుగు ఒక్కటే మిగులుతుంది. బ్లేడు తేలికగా తిరుగుతోందని మీరు చూశారు కనుక మీ మోటారు జబ్బు ఈ రెండింటిలో ఒకటి అయి ఉండే అవకాశమే ఎక్కువ. మోటారు కాలిపోయిందని ఇప్పుడే అనుకోవద్దు.

అయితే ఇంకోసారి, ఇంకోసారి అంటూ స్విచ్ వేస్తూ పోతే నిజంగానే కాలిపోతుంది. తిరగకుండా నిలిచిపోయిన మోటారు మామూలుగా లాగే కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది, పైగా చల్లార్చవలసిన ఫ్యాను కూడా ఆ సమయంలో తిరగదు. మీ బ్రేకర్ పడిపోవడం మీకు మేలే చేసింది. మూలుగు వినపడితే రెండు సెకన్లలోపు స్విచ్ ఆపాలి.

ఇక విప్పి చూడండి. ముందు ప్లగ్ తీసి, దాన్ని మీ కళ్లెదుట కనిపించేలా పెట్టుకోండి. బెల్టు తీసేసి మోటారు షాఫ్టును విడిగా తిప్పండి. ఎక్కడైనా ఒరుసుకుంటున్నా, అటూ ఇటూ ఊగుతున్నా బేరింగులు అరిగి రోటారు చుట్టూ కదలకుండా ఉండే స్టేటారుకు తగులుతూ ఉండవచ్చు. అలాంటిదేమీ లేకపోతే మోటారు వీపు మీద మూపురంలా కనిపించే రేకు మూత కింద కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలిచి ఉండవచ్చు, ముట్టుకుంటే గట్టిగా కొడుతుంది. దాని రెండు కొనల మధ్య 20,000 ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించి పది పదిహేను సెకన్లు ఉంచితే అది ఖాళీ అవుతుంది. చాలామంది స్క్రూడ్రైవరు అడ్డంపెట్టి నిప్పురవ్వలు రప్పిస్తారు. దానివల్ల కొనలు కాలుతాయి, బాగున్న కెపాసిటర్ కూడా పాడవుతుంది.

మూత ఉబ్బినా, నూనెలాంటి ద్రవం కారినా ఇంక కొలవనక్కరలేదు, మార్చవలసిందే. చూడటానికి బాగానే ఉంటే తీగల అమరికను ఒక ఫోటో తీసుకుని, వాటిని విడదీసి, మైక్రోఫ్యారడ్లు (కెపాసిటర్ సామర్థ్యాన్ని చెప్పే కొలమానం) కొలవగల మల్టీమీటరుతో చూడండి. కొలత దాని ఒంటి మీద ముద్రించిన హద్దులకంటే బాగా తక్కువగా వస్తే దోషి అదే. కొత్తది అదే విలువలో ఉండాలి, దాని వోల్టేజి పాతదానికంటే తక్కువ కాకూడదు. కొన్ని మోటార్లకు స్టార్టింగ్ కెపాసిటర్, రన్నింగ్ కెపాసిటర్ అని రెండు ఉంటాయి. ఒకదాని స్థానంలో మరొకటి వేయకూడదు. స్టార్టింగ్ కెపాసిటర్ కొన్ని సెకన్ల పనికోసమే తయారైనది, ఆగకుండా లైనులో ఉంటే పగులుతుంది.

కెపాసిటర్ బాగుంటే మోటారు చివరి మూత విప్పి సెంట్రిఫ్యూగల్ స్విచ్ చూడవలసిందే. మూడు నెలలు కదలకుండా పడి ఉన్న యంత్రం కనుక నా అనుమానం ఎక్కువగా దీనిమీదనే. నేను ఒకసారి ఇలాంటి మోటారు విప్పినప్పుడు, మెత్తని రంపపు పొట్టు చెమ్మ పట్టి పాయింట్ల నడుమ అట్టముక్కలా గట్టిపడి ఉంది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. కింద పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. పొట్టును మెత్తని బ్రష్‌తో బయటికి దులిపి, పాయింట్లను సన్నని ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, షాఫ్టు మీది బరువులను వేలితో నొక్కి వదిలినప్పుడు అవి స్ప్రింగు బలంతో చటుక్కున వెనక్కి వస్తున్నాయో లేదో చూడాలి. గట్టి గాలితో ఊదకండి, పొట్టు వైండింగులోకి ఇంకా లోతుగా దూరుతుంది. మోటారు మళ్లీ నడిచాక స్విచ్ ఆపి, అది వేగం తగ్గుతుండగా చెవి పెట్టి వినండి. ‘టక్’మని చిన్న శబ్దం వస్తే పాయింట్లు తిరిగి కలుసుకుంటున్నాయన్నమాట.

మీరు ఎక్స్‌టెన్షన్ వైరు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడుతుంటే ఒకసారి లెక్క చూడండి. 30 మీటర్ల వైరులో 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ ఉంటే, పోయి రావడానికి 60 మీటర్లు అవుతుంది, దాని నిరోధం ఒక ఓమ్‌కు కాస్త పైనే ఉంటుంది. మొదటి క్షణంలో మోటారు 40 ఆంపియర్లు లాగిందంటే వైరులోనే 40 వోల్టులకు పైగా పోతాయి. తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, 230 వోల్టులు అందవలసిన మోటారుకు 190 మాత్రమే అందితే ఆ బలం సుమారు మూడింట రెండు వంతులకు పడిపోతుంది. అందుకే ఏమీ విప్పకముందే మోటారును నేరుగా గోడ సాకెట్టుకు కలిపి ఒక్కసారి పరీక్షించండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మూలుగు పోకపోతే స్టార్టింగ్ వైండింగ్ తెగిందేమో మల్టీమీటరుతో చూడాలి. తెగి ఉంటే, లేదా లోపల మాడిన వార్నిష్ వాసన వస్తుంటే, వైండింగ్ చేసేవారి దగ్గరకు వెళ్లక తప్పదు.

ప్రశ్న: లావు పలక కోస్తుండగా బ్లేడు బిగుసుకుని మోటారు ఆగిపోయింది. అప్పటినుంచి స్విచ్ వేసినా ఏ శబ్దమూ లేదు. మూలుగు కూడా లేదు.

జవాబు: మీ యంత్రం వ్యవహారం వేరు. దానికి కరెంటే అందడం లేదు, కాబట్టి కెపాసిటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బ్లేడు బిగుసుకున్నప్పుడు మోటారు వేడెక్కి ఓవర్‌లోడ్ రక్షణ తెగిపోయి ఉంటుంది. మోటారు మీదనో, స్విచ్ పెట్టె పక్కనో ఉండే చిన్న బటన్ ఇందుకే ఉంది. ముందు ప్లగ్ తీసి, స్విచ్ ఆఫ్‌లో పెట్టి, పలకను విడిపించి, అరగంట చల్లారనిచ్చి అప్పుడు నొక్కండి. వేడిగా ఉండగా నొక్కితే అది నిలవదు, నిలవలేదని బలంగా నొక్కితే బటనే విరుగుతుంది.

దానితో పని జరగకపోతే సాకెట్టును చూడండి. చాలామంది చిన్న బల్బు వెలిగించి కరెంటు ఉందని తేల్చేస్తారు. వదులైన అతుకులో నుంచి కూడా బల్బుకు సరిపడా కరెంటు వస్తుంది కనుక, బరువైన డ్రిల్లు వంటిది పెట్టి చూడటం మంచిది. ఆ తరువాత టేబుల్ సా స్విచ్. కరెంటు పోయి వచ్చినప్పుడు బ్లేడు తనంతట తాను తిరగకుండా ఆపే మాగ్నెటిక్ స్విచ్ మీ యంత్రానికి ఉంటే, ఆకుపచ్చ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే మోటారు నడిచి, వదలగానే ఆగిపోవడం లోపలి కాయిల్ లోపానికి గుర్తు. నొక్కి పట్టినా నడవకపోతే పాయింట్లలో పొట్టు నిండి ఉండవచ్చు. ప్లగ్ తీసిన తరువాతే స్విచ్ పెట్టె మూత తెరవండి. ఆ స్విచ్ విసిగిస్తున్నదని దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేవారిని చూశాను. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఎవరి చెయ్యి బ్లేడు మీద ఉంటుందో ఎవరు చెప్పగలరు? కొత్త స్విచ్ కొని వేయండి.

ప్రశ్న: మోసుకెళ్లే చిన్న టేబుల్ సా ఒక్కోసారి నడుస్తుంది, ఒక్కోసారి నడవదు. పక్కన తడితే నడుస్తుంది.

జవాబు: ఈ రకానికి సాధారణంగా, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఉన్న మోటారు ఉంటుంది. దానికి స్టార్టింగ్ కెపాసిటర్ కానీ సెంట్రిఫ్యూగల్ స్విచ్ కానీ ఉండవు. తడితే నడుస్తోందంటే బ్రష్‌లు అరిగిపోయి కమ్యుటేటరుకు (షాఫ్టు మీది రాగి పట్టీల వలయానికి) సరిగ్గా ఆనడం లేదని అనుమానించాలి. ప్లగ్ తీసి, మోటారుకు రెండు పక్కలా ఉన్న మూతలు విప్పి రెండింటినీ బయటకు తీయండి. స్ప్రింగు బ్రష్‌ను ఇంక నెట్టలేనంతగా పొట్టిదైతే, ఒక్కటే అరిగినా రెండూ కలిపి మార్చండి. కమ్యుటేటర్ మీద లోతైన గాడి పడి ఉంటే మాత్రం కొత్త బ్రష్‌లు కూడా త్వరగానే అరుగుతాయి, ముందు దాన్ని లేతు మీద నునుపు చేయించాలి.