ఈకలున్న ప్రాచీన పక్షి లాంటి జీవి ఆర్కియోప్టెరిక్స్‌కి ఆ పేరు పెట్టింది అస్థిపంజరం చూసేనా?

కాదు, జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ మేయర్ 1861లో ఆ పేరు పెట్టింది ఒకే ఒక్క ఈక శిలాజానికి.

ఆ ఈక బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి గనుల్లో దొరికింది. అక్కడి రాయి ఎంత నున్నగా ఉంటుందంటే దాని మీద బొమ్మ గీసి లిథోగ్రఫీ పద్ధతిలో అచ్చు వేసేవాళ్లు, అందుకే పూర్తి పేరు ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అయింది, 'అచ్చురాతిలోని పాత ఈక' అన్నట్టు. అసలే బొమ్మలు గీసే రాయి కదా, ఎవరైనా దొంగ ఈక చెక్కారేమోనని మేయర్ జాగ్రత్తగా పరీక్షించాకే నిజమైనదని ఒప్పుకున్నాడు.

ఈకలున్న అస్థిపంజరం కూడా దొరికిందని ఆయనకి అప్పటికే తెలుసు, కానీ పేరు మాత్రం ఈకకే పెట్టాడు. చాలామంది పొరబడేది ఇక్కడే: లండన్ మ్యూజియం కొన్న ఆ అస్థిపంజరాన్ని 1863లో వివరించిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెనే పేరు కూడా పెట్టాడనుకుంటారు. 2011లో అధికారికంగా ఆ పేరుకి ఆధార నమూనాగా లండన్ అస్థిపంజరాన్నే ఖాయం చేయడంతో అయోమయం ఇంకాస్త పెరిగింది.

దొరికిన కొద్దిపాటి దానితోనే పేరు పెట్టేయడం మేయర్‌కి కొత్తేమీ కాదు. ఉదాహరణకి ప్లాటియోసారస్ అనే డైనోసార్‌కి 1837లో కొన్ని ఎముకలు చూసే పేరు పెట్టాడు, అప్పటికి 'డైనోసార్' అన్న మాటే పుట్టలేదు. ఇంతా చేసి ఆయన ప్రొఫెసరేం కాదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో లెక్కలు చూసే ఆర్థిక శాఖ ఉద్యోగి.