ఆ క్రీము మూత తీయకు తల్లీ

చిన్నీ,

ఉద్యోగంలో చేరేలోపు మెడ మీద నలుపు, ఛాతీ మీద మచ్చలు పోగొట్టుకోవాలని ఏదో క్రీము తెప్పించావట, మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం సంగతి విని కళ్ళు చెమర్చాయి. క్రీము సంగతి విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు.

పీచుతో రుద్దకు, ఇంకా నల్లబడుతుంది. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ మెడకీ, ఛాతీకీ కూడా రాసుకో. ఇవి నీకు తెలిసినవే.

నాకూ మెడ మడతల్లో ఇలాగే ఉండేది, ముట్టుకుంటే మఖమల్ బట్టలా మందంగా. ఛాతీ మీద లేత గోధుమరంగు మచ్చలు, గోకితే సన్నటి పొట్టు రాలేది. రెండూ ఒకటే అనుకుని, ఎవరో వాడుతున్నారని ఒకే ట్యూబు రెండింటికీ రాశాను. పది రోజుల్లో రంగు తేలింది. ఆ సంతోషంలో ఏడాది రాశాను. అందులో స్టెరాయిడ్ ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. చర్మం పల్చబడి కింద ఎర్రటి నరాలు కనిపించాయి. ఆపితే మంట, భయపడి మళ్ళీ రాసేదాన్ని. ఛాతీ మచ్చలేమో భుజాల దాకా పాకాయి. అవి శోభి. అదొక ఫంగస్, స్టెరాయిడ్ రాస్తే ఇంకా పెరుగుతుంది. డాక్టరమ్మ అది చూడగానే చెప్పేసింది. మెడ చూసి మాత్రం, "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" అంది. నేను మెడ గురించి అడిగితే ఈవిడ షుగర్ అంటుందేమిటని విసుక్కున్నాను కూడా. పరీక్షలో షుగర్ ఉందని తేలింది. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒంట్లో పెరిగిపోతే మెడ అలా నల్లబడుతుందట. ఏడాదిగా మెడ చెప్తూనే ఉంది, నేను క్రీము రాసి దాని నోరు మూయించాను.

అందుకే నా టెన్షన్ అంతా నీ మెడ రంగు గురించి కాదు. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్ష చేయించుకో, పరగడుపున వెళ్ళాల్సిన పని కూడా లేదు. 5.7 లోపు ఉంటే మంచిది, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. మధ్యలో ఉంటే ఇప్పుడే జాగ్రత్తపడొచ్చు, నాకు ఆ అవకాశం పోయింది. నెలసరి తప్పుతున్న సంగతి డాక్టరు దగ్గర దాచకు, పీసీఓడీ అనే అండాశయాల సమస్య ఉన్నా మెడ ఇలా అవుతుంది. ఇప్పటికే క్రీము రాస్తుంటే ఆ ట్యూబు కూడా పట్టుకెళ్ళు.

నీదీ శోభి అయితే, మందుకి ఫంగస్ పోయినా చర్మం రంగు మామూలవడానికి నెలలు పడుతుంది. ఓపిక పట్టు. అంతవరకూ మెడ కప్పుకుని తిరగొద్దు తల్లీ. ఆ ఏడాది నేను మెడ కనబడకుండా ఎలా తిరిగానో తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

మీ పెద్దమ్మ