నేలవేమును పరీక్షించబోతున్న అమ్మాయికి

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. భద్రాచలం మన్యంలో చలిజ్వరానికి ఇచ్చే నేలవేము కషాయం మలేరియా మీద నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. ఈ పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక, నీవు మొదలుపెట్టక ముందే నీ చెవిన వేయవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందుగా నీ చేతిలో ఉన్నది ఏ మొక్కో తేల్చుకో. మన నేలవేము ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. హిమాలయ ప్రాంతాల్లో పెరిగే చిరాయతా వేరే మొక్క. రెండూ పరమ చేదు, రెండూ జ్వరానికే వాడతారు, ఎండి పుల్లలైన తరువాత మూలికల అంగళ్లలో ఒకదాని బదులు మరొకటి చెల్లిపోతుంది. అందుచేత బేగంబజారులో కొనవద్దు. పూత మీద ఉన్న మొక్కను నీవే సేకరించి, ఒక నమూనాను ఒత్తి ఆరబెట్టి, వృక్షశాస్త్ర విభాగంలో గుర్తింపు చేయించి, వారు ఆ నమూనాకు ఇచ్చిన సంఖ్యను నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకో. సేకరణకు 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఏ అనుమతులు కావాలో ముందే కనుక్కో. ఆ విద్య నీకు చెప్పిన వైద్యుడి పేరు, ఆయన అంగీకారం తీసుకొని, అదే పుస్తకంలో ఉండాలి.

మందు ఎలా చేస్తారో ఆయన పక్కన కూర్చొని చూడు. పచ్చిదా ఎండినదా, ఆకా వేరా, మరిగిస్తారా నానబెడతారా అన్నవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. చైనాలో శాస్త్రవేత్త తు యూయూ మాచిపత్రి జాతి మొక్క ఒకదానిని వేడితో తీసినప్పుడు గుణం నిలకడగా దొరకలేదు; నీటిలో నానబెట్టి పిండి తాగమన్న ప్రాచీన వైద్యుడు గె హోంగ్ మాట పట్టుకొని, సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో తీసినప్పుడు, 1971లో మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు దారి దొరికింది. నీవు మెథనాల్ అనే ద్రావకంతో తీసిన సారంతో పాటు ఊరివారు తాగే కషాయాన్ని కూడా తప్పక పరీక్షించు.

ఇక అసలు మాట. గుణం చూడడం ఒక పని, భద్రత చూడడం మరొక పని అని ఎన్నడూ విడదీయకు. ఒకప్పుడు నా దగ్గర ఒక ఆకు సారం, మలేరియా తెచ్చే ఫాల్సిపారం పరాన్నజీవిని దాదాపు పూర్తిగా అణచినట్టు, పరీక్ష పలక గుంటల్లో పెరుగుదలను కొలిచే యంత్రం, ప్లేటు రీడర్, చూపింది. వారం రోజులు ఆనందంలో ఉన్నాను. ఆ తరువాత పరాన్నజీవిని కనబరిచే గీమ్సా రంగు వేసిన స్లయిడ్‌ను నూనె కటకం కింద పెట్టి చూస్తే, చనిపోయిన పరాన్నజీవులు కాదు, అసలు ఎర్ర కణాలే సరిగా లేవు; గాజు మీద వెలిసిపోయిన పొట్టులు మాత్రం మిగిలాయి. ఆ సారంలోని సపోనిన్లు, అంటే సబ్బులా నురగనిచ్చే పదార్థాలు, కణాలను పగలగొట్టాయి, ఉండడానికి ఇల్లు లేక పరాన్నజీవి పోయింది. అందుచేత ప్రతి గాఢత వద్దా పరాన్నజీవి లేని ఎర్ర కణాలను కూడా అదే సారంతో 72 గంటలు ఉంచి, ఎంత హీమోగ్లోబిన్ బయటికి వచ్చిందో కొలువు. యంత్రం ఏమి చెప్పినా స్లయిడ్ నీ కళ్లతో చూడు. మన ఊళ్లోనే, 1897 ఆగస్టు 20న, మలేరియా దోమ ద్వారా వస్తుందని చూపిన రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను గుర్తించింది స్లయిడ్ వెనుక స్లయిడ్ ఓపికగా చూసినందుకే.

పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కు లొంగే 3డి7 అనే పరాన్నజీవి రకాన్నీ, లొంగని డిడి2 రకాన్నీ రెండింటినీ పెట్టుకో. సారాన్ని కరిగించే డీఎమ్ఎస్ఓ ద్రావకం అర శాతం దాటనీయకు, అది మాత్రమే ఉన్న గుంటలు తప్పక ఉంచు. కాలేయ కణాలను సగం చంపే గాఢత, పరాన్నజీవిని సగం అణచే గాఢతకు కనీసం పది రెట్లు ఉంటేనే ముందుకు వెళ్లు.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే చిట్టెలుకల దగ్గరికి వెళ్లాలి. ముందు ఒక్కసారి ఇచ్చే మోతాదును కిలోకు 2000 మిల్లీగ్రాముల వరకు చూసి, 14 రోజులు గమనించు; ఆపైనే ఎలుకలకు మలేరియా తెచ్చే బెర్ఘీ పరాన్నజీవితో, నాలుగు రోజులు మందిచ్చి పరాన్నజీవి ఎంత అణగిందో చూసే పీటర్స్ పరీక్ష. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మందు పడక ఎలుక మేత మానేస్తే, ఆ పస్తు వల్లనే పరాన్నజీవి పెరుగుదల మందగిస్తుంది. అది మొక్క గొప్పతనంగా లెక్కలోకి ఎక్కుతుంది. కాబట్టి ప్రతి ఉదయం ఎలుక బరువూ, గిన్నెలో మిగిలిన మేతా తూచు. మేత తగ్గిన గుంపు ఉంటే, మందు లేకుండా అంతే మేత పెట్టిన మరో గుంపును పక్కన ఉంచు.

ఇంట్లోవారికెవరికైనా జ్వరం వస్తే నీ సీసా తీయకు. రక్తపరీక్ష చేయించి, డాక్టరు రాసిన పూర్తి చికిత్స ఇప్పించు; ఫాల్సిపారం రోజుల వ్యవధిలోనే ప్రాణం తీయగలదు. గర్భిణులకు నేలవేము తగదన్న హెచ్చరిక ఉన్నది కనుక, మన్యంలో ఆ కషాయం ఎవరెవరు తాగుతున్నారో కూడా అడిగి రాసుకో.

మొదటి స్లయిడ్లు రంగు వేయగానే ఏదో ఒక ఆదివారం తార్నాక తీసుకొని రా. మందు పెట్టినవీ పెట్టనివీ రెండూ తే, పైన చీటీలు అంటించకుండా. ఏది ఏదో తెలియకుండానే ఇద్దరం విడివిడిగా లెక్కపెడదాం.

నీ మాస్టారు