బెణికిన చీలమండ మళ్ళీ మళ్ళీ ఎందుకు మడత పడుతుంది?

మూడు నెలల కిందట కాలు బెణికిందని, ఎక్స్‌రేలో ఎముకకు ఏమీ కాలేదన్నారని, వాపు తగ్గినా మిట్టపల్లాల మీద నడిస్తే పాదం మళ్ళీ లోపలికి మడత పడుతోందని, ఇది నరాల బలహీనతా అని మీరు అడిగారు. నాకూ సరిగ్గా ఇదే జరిగింది. నేను కోవూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. వైద్యురాలిని కాను గానీ, నా కాలికి జరిగినదాన్ని పాఠంతో సరిపోల్చి చూసుకున్నాను కనుక చెబుతున్నాను.

నవంబరు వానలకు నానిన పొలం గట్టు మీద నుంచి (మా వైపు గెనిమ అంటాము) మడిలోకి దిగబోయాను. వేళ్ళు నేలకు తగిలి, మడమ ఇంకా ఆనకముందే పాదం లోపలివైపుకు తిరిగిపోయింది. ఆ క్షణంలో పాదం ఉన్న తీరులోనే కారణం ఉంది. పాదంలోని 26 ఎముకలలో అన్నిటికంటే పైనుండేది టేలస్. మోకాలి కింద కాలిలో ఉండే రెండు పొడవాటి ఎముకల (లోపలివైపు అంతర్జంఘిక, బయటివైపు బహిర్జంఘిక) కింది చివరలు దాన్ని పట్టకారులాగా రెండు పక్కల నుంచీ పట్టుకుని ఉంటాయి. టేలస్ పైభాగం ముందువైపు వెడల్పుగా, వెనకవైపు సన్నగా ఉంటుంది. గొంతుక్కూర్చున్నప్పుడు వెడల్పు భాగం పట్టకారులో బిగుసుకుంటుంది కాబట్టి కీలు పక్కలకు కదలదు. మెట్టు దిగేటప్పుడు వేళ్ళు కిందికి వంగుతాయి గనుక సన్నటి భాగం అందులోకి వచ్చి కీలు వదులవుతుంది. అప్పుడు భారమంతా లిగమెంట్ల మీదే, అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే సంధిబంధనాల మీదే పడుతుంది.

రెండు బొటనవేళ్ళతో చీలమండకు రెండు పక్కలా ఉన్న గిలకలను తడిమి చూడండి. బయటి గిలక లోపలి గిలక కంటే కిందికి, కాస్త వెనక్కి ఉన్నట్లు తెలుస్తుంది. పాదం బయటికి తిరగకుండా ఆ పొడవాటి ఎముక అడ్డుపడుతుంది, లోపలివైపు విసనకర్రలా పరుచుకున్న గట్టి లిగమెంటు కూడా లాగి పట్టుకుంటుంది. లోపలికి తిరిగేటప్పుడు అంతటి అడ్డు లేదు. బయటివైపున్న మూడు లిగమెంట్లలో ముందుదే అన్నిటికన్నా బలహీనమైనది, వేళ్ళు కిందికి వంగినప్పుడు సాగి బిగుసుకునేదీ అదే. కాబట్టి మొదట తెగేది అది, వాపు మొదట కనిపించేది బయటి గిలకకు ముందు, కింద.

ఆ రాత్రి మా అత్తగారు ఆముదం వెచ్చచేసి తెచ్చి, “నరం తప్పిందమ్మాయ్, రుద్దితే దోవకొస్తుంది” అన్నారు. ఆవిడ ప్రేమను కాదనలేకపోయినా రుద్దనివ్వలేదు. అక్కడ దోవ తప్పింది ఏదీ లేదు; పోగులు తెగి లోపల రక్తం ఊరుతోంది, మొదటి రోజుల్లో గట్టిగా రుద్దితే అది ఎక్కువవుతుంది. లిగమెంట్లు ఎక్స్‌రేలో కనిపించవు. మీ ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే అర్థం.

ఇక మీ అసలు సందేహం. నరం అన్న మీ ఊహ పూర్తిగా తప్పు కాదు. పాదం ఎటు వంగుతోందో మెదడుకు తెలియజేసే నాడుల కొసలు లిగమెంట్లలోనే ఉంటాయి. ఆ కబురు అందగానే బయటి గిలక వెనక నుంచి దిగే రెండు పెరోనియస్ కండరాలు పాదాన్ని బయటికి లాగి నిలబెడతాయి. లిగమెంటు తెగినప్పుడు ఆ కబురు మందగిస్తుంది, కండరమూ నీరసిస్తుంది, అతుక్కున్న లిగమెంటు ఒక్కోసారి వదులుగానే ఉండిపోతుంది. వాపు తగ్గినంత మాత్రాన ఇవి సరికావు. నేను ఇరవై రోజులకే వాపు పోయిందని ఊరుకున్నాను, రెండు నెలలకు బస్సు మెట్టు దిగుతూ మళ్ళీ పడ్డాను.

అప్పుడు నెల్లూరులో ఒక ఫిజియోథెరపిస్టు నన్ను బెణికిన కాలి మీదే నిలబెట్టారు. పది అంకెలు లెక్కపెట్టేలోపు ఒరిగిపోయాను. ఇంటికి వచ్చాక రోజూ ఎసరు మరిగేదాకా, పొయ్యికి దూరంగా, వంటగట్టుకు ఒక వేలు ఆనించి ఒంటికాలి మీద నిలబడేదాన్ని. వంగి చూస్తే గిలక వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపేది) తీగలాగా బిగుస్తూ, వదులవుతూ కనిపించేది. వేలు తీసేసి నిలబడడం వచ్చాక కళ్ళు మూసుకుని ప్రయత్నించాను, అది ఇంకా కష్టం. దాంతోపాటు పాదానికి రబ్బరు పట్టీ తగిలించి బయటికి లాగే వ్యాయామం చేశాను. మూడు నెలలు వదలకుండా చేశాక గెనిమ మీద నమ్మకంగా అడుగు వేయగలిగాను. ఫిజియోథెరపిస్టుకు ఒకసారి చూపించి మీరూ ఇవి మొదలుపెట్టండి.

కొత్తగా బెణికినవారు నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, గిలకల కొసన గానీ వెనక అంచున గానీ, చిటికెనవేలి వరుసలో పాదం నడిమధ్య బయటి అంచున ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీద గానీ నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించుకోవాలి. మీ విషయంలో మాత్రం కీలు లోపల లోతుగా నొప్పి ఉన్నా, నడుస్తుండగా పట్టేసినట్లు ఆగినా, వ్యాయామంతో సరిపెట్టుకోకుండా ఎముకల డాక్టరును మళ్ళీ కలవండి. టేలస్ మీది మృదులాస్థి దెబ్బతిన్నదేమో ఎంఆర్‌ఐ తీయించి చూస్తారు.