జబ్బు వచ్చాక ఇక నివారణ ఏమిటి?

నివారణకు ప్రాథమిక, ద్వితీయ, తృతీయ అని మూడు అంచెలు చెబుతారు సరే, రోగం ముదిరాక చేసేదాన్ని కూడా నివారణ అనడం ఎందుకని అడిగారు. మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. బోదకాలు ఈ ప్రాంతానికి పాత చుట్టం. ఆ ఒక్క జబ్బుతోనే చెబుతాను.

ఈ జబ్బు తెచ్చే ఫైలేరియా పురుగు ఒంట్లో చేరకుండా చూడటం మొదటి అంచె. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పెరుగుతుంది; కాలువ పూడిక తీయించడం, దోమతెర కట్టుకోవడం ఇందులోకి వస్తాయి. పురుగు చేరినా మనిషికి ఇంకా ఏమీ తెలియని దశలో పట్టుకోవడం రెండోది. సూక్ష్మ ఫైలేరియాలు, అంటే ఆ పురుగు పిల్లలు, రక్తంలో రాత్రివేళే ఎక్కువగా తిరుగుతాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రక్తపు చుక్క కోసం రాత్రిపూట వస్తారు. నిద్రలేపి వేలికి సూది గుచ్చుతామంటే మా వీధిలో కొందరు దెబ్బలాటకు దిగేవారు.

మరి ఇంటింటికీ తెచ్చి ఎదుటే మింగించే మాత్రలు ఏ అంచె? నా లెక్కలో రెండూ. పెద్దవాళ్లకు డీఈసీ అనే ఫైలేరియా మాత్రలు మూడు, ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర ఒకటి ఇస్తారు. పురుగు ఉన్నవాడికి అది చికిత్స. అతన్ని కుట్టిన దోమ వట్టి చేతులతో పోతుంది కనుక పక్కింటివాడికి రక్షణ. మాత్ర పడగానే జ్వరం వచ్చిందని తిట్టేవాళ్లుంటారు. చాలాసార్లు ఆ జ్వరం లోపలి సూక్ష్మ పురుగులు చావడం వల్ల వచ్చేదే. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో బాగా నీరసించినవారికి మాత్రం ఇవ్వరు.

ఇక మీ అసలు సందేహం. మా పెద్దత్తయ్య కుడికాలు మోకాలి దాకా వాచి గట్టిపడింది. అది ఇక మళ్లీ మామూలు కాలు కాదు. కానీ ఉండుండి చలిజ్వరం వచ్చేది, గజ్జలో బిళ్ల కట్టేది, కాలు ఎర్రబడి ముట్టుకోనిచ్చేది కాదు. అలాంటి పోటు వచ్చినప్పుడల్లా వాపు ఇంకాస్త పెరిగేది. వేళ్ల సందుల్లోని ఒరుపుల గుండా బాక్టీరియా దూరడమే దీనికి కారణం. రోజూ సబ్బుతో కడిగి, సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్ది, ఒరుపులకు లేపనం రాసి, పడుకునేటప్పుడు కాలికింద దిండు పెట్టుకోమని ఆశా కార్యకర్త నేర్పింది. అప్పటినుంచి పోట్లు బాగా తగ్గాయి. పురుగు ఒంట్లో చేరడాన్ని ఇప్పుడు ఎటూ ఆపలేం. రేపటి పోటును ఆపవచ్చు. తృతీయ నివారణ అంటే ఇదే. వరిబీజానికి చేసే ఆపరేషన్ కూడా ఈ అంచెలోదే. "ఇక చేసేదేమీ లేదు" అని పంపేసే వైద్యులంటే నాకు ఒళ్లుమంట.

మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి. టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, లేపనం ఉన్న సామగ్రిని ఉచితంగా ఇస్తారు.