తెల్లవారుజామున మైకు ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉదయం రేడియో, పగటి టీవీ టాక్ షోల నిర్వహణ గురించి వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

అమెరికాలో స్టీవ్ హార్వే పొద్దున రేడియోలోనూ, పగలు టీవీలోనూ షోలు చేశారని చదివాను. ఒకే మనిషి రెండు చోట్లా ఎలా కుదుర్చుకున్నారు?
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

రేడియోకి కావలసింది మైకు, మంచి లైను, నిశ్శబ్దమైన గది. అవి ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. టీవీకి సెట్టు, ప్రేక్షకులు, కెమెరాలు కావాలి. అయితే పగటి టాక్ షోలు చాలావరకు ముందే రికార్డవుతాయి, ఒక్క రోజులోనే ఒకటికి మించి ఎపిసోడ్లు తీసేస్తారు. అందుకే ఒకే మనిషి రెండూ చేయగలుగుతాడు.

హార్వే మొదట స్టాండప్ హాస్యగాడు. 2000లో లాస్ ఏంజెలెస్‌లో ఉదయం రేడియో మొదలుపెట్టారు. 2005లో ఆ షో సిండికేషన్‌కి వెళ్లింది. అంటే ఒకచోట తయారైన షోని వేర్వేరు ఊళ్ల స్టేషన్లు తీసుకుని ప్రసారం చేస్తాయి. 2010లో టీవీ గేమ్ షో, 2012 సెప్టెంబరులో షికాగో నుంచి పగటి టాక్ షో. అది 2017లో లాస్ ఏంజెలెస్‌కి మారి, 2019లో ఆగిపోయింది. రేడియో మాత్రం ఆగలేదు.

సిండికేషన్‌లో ఒక చిక్కుంది. ‘బయట వాన పడుతోంది’ అనడానికి లేదు, వినేవాళ్లు పది ఊళ్లలో ఉంటారు. స్థానిక వాతావరణం, ట్రాఫిక్, ప్రకటనల కోసం స్టేషన్లకు ఖాళీలు వదలాలి. ఆ ఖాళీ మొదలయ్యే సెకనుకి వ్యాఖ్యాత మాట ముగించి తీరాలి. లేదంటే ప్రతి ఊళ్లోనూ వాక్యం సగంలో తెగిపోతుంది.

మరో అమెరికా వ్యాఖ్యాత ర్యాన్ సీక్రెస్ట్ పద్ధతి వేరు. 2004 నుంచి ఆయన లాస్ ఏంజెలెస్ ఉదయం రేడియోలో ఉన్నారు. 2017 మే నుంచి 2023 ఏప్రిల్ దాకా న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదికి టీవీలో ప్రత్యక్ష ప్రసారం కూడా చేశారు. న్యూయార్క్‌లో పది అయితే లాస్ ఏంజెలెస్‌లో ఏడు. టీవీ ముగించుకుని న్యూయార్క్‌లోనే రేడియో స్టూడియోలో కూర్చుంటే లాస్ ఏంజెలెస్ శ్రోతలకు అప్పుడే పొద్దెక్కుతుంటుంది. ఆ మూడు గంటల తేడా ఆయనకు కలిసొచ్చింది.

రేడియోలో పేరుంటే టీవీ దానంతటదే వస్తుందనుకోకండి. ఇదే సీక్రెస్ట్ 2004లో పెట్టిన పగటి టీవీ షో ఏడాది కూడా నిలవలేదు. రేడియోలో ఎంతో పేరున్న వెండీ విలియమ్స్‌ని సైతం 2008లో నాలుగు నగరాల్లో ఆరు వారాలు పరీక్షించి చూశాకే, 2009లో దేశమంతటా చూపించారు.

ఎఫ్ఎంలో కొత్తగా చేరాను. లింకులో, అంటే పాటకీ పాటకీ మధ్య, ఎంతసేపు మాట్లాడాలో అర్థం కావడం లేదు. పాట మీద పడిపోతున్నాను. గంట కొట్టేసరికి వార్తలకు ఆలస్యమవుతోంది.
– ఆర్జే, హైదరాబాద్

ఈ మూడూ ఒకే లోపం. మీరు మాటలు సిద్ధం చేసుకుంటున్నారు, సెకన్లు లెక్కపెట్టుకోవడం లేదు. ఉదయం షోకి గడియారమే మొదటి స్క్రిప్టు.

ముందు మీ వేగం తెలుసుకోండి. మామూలుగా మాట్లాడినట్టే ఒక పేజీ చదివి, నిమిషానికి ఎన్ని మాటలయ్యాయో లెక్కపెట్టండి. తెలుగులో మాటలు పొడుగు కనుక 90 నుంచి 100 దాకా వస్తే చాలు. 130 దాటితే వంటింట్లో కుక్కర్ కూతల మధ్య వినేవాళ్లకి సగం అందదు.

ఇక పాట మీద పడటం. ప్రతి పాటకూ గొంతు మొదలయ్యే ముందు ఎన్ని సెకన్ల సంగీతం ఉందో జాబితాలో పాట పక్కనే రాసుకోండి. ఉదాహరణకు 14 సెకన్లు ఉందనుకుందాం. ‘ఏడు ఇరవై. మెహిదీపట్నం నుంచి లక్డీకాపూల్ వైపు బండ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. పావుగంట ముందు బయల్దేరండి.’ ఇవి పన్నెండు మాటలు, తొందరపడకుండా ఎనిమిది సెకన్లు. నాలుగు సెకన్లు పాట గురించి చెప్పి, రెండు సెకన్లు సంగీతానికి వదిలేస్తే గాయకుడి గొంతు శుభ్రంగా అందుకుంటుంది. అదే ‘గుడ్ మార్నింగ్ హైదరాబాద్, అందరూ ఎలా ఉన్నారు, బావున్నారా’ అని మొదలుపెడితే అయిదారు సెకన్లు పోతాయి, శ్రోతకి చేరిన సంగతి ఒక్కటీ ఉండదు.

వార్తల ఆలస్యానికి మందు వెనకనుంచి లెక్కపెట్టడం. ఎనిమిదింటికి వార్తలు తప్పవు. అంతకుముందు 4 నిమిషాల 10 సెకన్ల పాట, నిమిషంన్నర ప్రకటనలు, 10 సెకన్ల జింగిల్ (స్టేషన్ పేరు వినిపించే చిన్న పాట) ఉన్నాయి. మొత్తం 5 నిమిషాల 50 సెకన్లు. అంటే మీ మాట 7 గంటల 54 నిమిషాల 10 సెకన్లకు ముగియాలి. ఆ అంకె పెద్దగా రాసి కళ్లెదుట అంటించుకోండి. ఇరవై సెకన్లు దాటిపోయిందా, పాట చివర్లో గొంతు ఆగి సంగీతం మిగిలిన చోట తగ్గించి ముగించవచ్చు. పల్లవి మధ్యలో మాత్రం కోయకండి, వినేవాళ్లకి అది చెంపదెబ్బలా ఉంటుంది.

లింకుకి ఒకే సంగతి. గంటకు అయిదు లింకులు, నాలుగు గంటల షో అంటే ఇరవై సంగతులు ముందురోజు సాయంత్రానికే చేతిలో ఉండాలి. ప్రతిదానికీ మొదటి వాక్యం, చివరి వాక్యం అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, మధ్యది నోటికి వదిలేయండి. చివరి వాక్యం రాసుకోనివాళ్లే దారితెన్నూ తెలియక సాగదీస్తారు. పొద్దున ఎవరూ గంటసేపు కూర్చుని వినరు కాబట్టి టైము ప్రతి లింకులోనూ చెప్పాల్సిందే.

ఇంకొకటి. లింకు అయ్యాక ఫేడర్ (మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించి, ఎర్రలైటు ఆరిందని చూశాకే నోరు మెదపండి. మైకు తెరిచి ఉంచి పక్కవాళ్లతో అన్న మాట ఊరంతా వింటుంది.

ఇంటి పనులు చూసుకుంటూ ఆకాశవాణిలో ప్రయత్నించాలని ఉంది. గొంతు బావుంటుందని అందరూ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– గృహిణి, గుంటూరు

ఆకాశవాణి కేంద్రాలు అవసరాన్ని బట్టి క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన ఇస్తాయి. రాతపరీక్ష, స్వరపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఎంపికైనవాళ్లకి ‘వాణి’ అనే శిక్షణ ఇస్తారు. ఇది నెలజీతపు ఉద్యోగం కాదని ముందే తెలుసుకోండి. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు.

స్వరపరీక్షలో గొంతు తీపి కన్నా ఉచ్చారణ ముఖ్యం. ‘భాష’ని ‘బాస’ అనీ, ‘ధనం’ని ‘దనం’ అనీ, ‘పళ్లు’ని ‘పల్లు’ అనీ పలికి చాలామంది అక్కడే ఆగిపోతారు. శ, ష, స తేడాలు, ణ, ళలు, ఒత్తులు రోజూ పావుగంట బయటికి చదివి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. ఒత్తులు గట్టిగా పలికితే మైకులో ‘భుస్’మంటుంది. మైకుకి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో, నోరు ఒక పక్కకి కొద్దిగా తిప్పి మాట్లాడితే ఆ గాలి దాన్ని తాకదు.

ప్రైవేటు ఎఫ్ఎంకి అయితే రెండు మూడు నిమిషాల డెమో చాలు. మూడు లింకులు, మధ్యలో పాట ముక్క రెండేసి సెకన్లు. మొదటి పదిహేను సెకన్లలో మీ సొంత మాట వినిపించాలి. సొంతంగా వార్తలు చదివి పంపకండి. ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి వార్తల్ని యథాతథంగా వేయాలే తప్ప తమ వార్తలు తాము చెప్పకూడదు. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షా ఫలితాలు, కరెంటు నీటి సరఫరా వంటివి చెప్పవచ్చు.

రేడియో నుంచి మధ్యాహ్నం టీవీ షోకి మారాను. అతిథి మాట పూర్తికాకుండానే అందుకుంటున్నానంటున్నారు. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో ప్రొడ్యూసర్ మాట్లాడితే అడగాల్సిన ప్రశ్న మర్చిపోతున్నాను.
– వ్యాఖ్యాత, హైదరాబాద్

రేడియోలో రెండు సెకన్ల నిశ్శబ్దం వస్తే గుండె జారిపోతుంది, ఆ భయమే మీతో టీవీకి వచ్చింది. టీవీలో ఆ నిశ్శబ్దాన్ని అతిథి ముఖం నింపుతుంది. జవాబు ఆగాక మనసులో ‘ఒకటి, రెండు’ అనుకుని అప్పుడు అడగండి. చాలాసార్లు అసలు మాట ఆ రెండు సెకన్ల తర్వాతే బయటికొస్తుంది.

చెవిలో మాట విషయం ప్రొడ్యూసర్‌తో ముందే తేల్చుకోండి. మీరు ప్రశ్న అడుగుతున్నప్పుడు మాట్లాడకూడదు. అతిథి మాట్లాడుతున్నప్పుడు కూడా రెండు మూడు మాటలే: ‘ఒక నిమిషం’, ‘తర్వాతి ప్రశ్న’, ‘బ్రేక్’. ఇంట్లో సాధన చేయవచ్చు. ఒక చెవిలో వార్తలు సన్నగా పెట్టుకుని, ఎదుటివాళ్లకి వారం సరుకుల జాబితా చెప్పండి. పది రోజుల్లో తడబాటు తగ్గుతుంది.

కార్డుకి ఒకే ప్రశ్న, నాలుగైదు మాటల్లో, వరస నంబరుతో రాసుకోండి. కింద పడితే నంబరే దిక్కు. 2015 డిసెంబరులో మిస్ యూనివర్స్ పోటీలో స్టీవ్ హార్వే ముందుగా కొలంబియా అమ్మాయిని విజేతగా ప్రకటించి, నిమిషాల్లో తిరిగొచ్చి క్షమాపణ చెప్పి, ఫిలిప్పీన్స్ అని సరిదిద్దారు. రన్నరప్‌ల పేర్లు ఒకవైపు, విజేత పేరు కుడివైపు కింద ఉన్న కార్డది. కంగారులో కన్ను మొదట ఎక్కడ పడుతుందో చూసి కార్డు తయారుచేయాలి. ముఖ్యమైన పేరుకి విడి కార్డు వాడండి. ప్రసారానికి ముందు ఒక్కసారి బయటికి చదివి చూడండి.

ఉదయం నాలుగింటికి లేచి షోకి వెళ్తే గొంతు గరగరలాడుతోంది. ఏం చేయాలి?
– ఆర్జే, విశాఖపట్నం

లేచిన వెంటనే గోరువెచ్చని నీళ్లు. అయిదు నిమిషాలు నోరు మూసి సన్నగా హమ్ చేయండి. గొంతు సవరించుకోవడం మానండి, స్వరతంత్రులు రాసుకుని ఇంకా గరగరమంటుంది. బదులు ఒక గుటక నీళ్లు మింగండి. స్టూడియో ఏసీ గాలి నేరుగా ముఖానికి కొట్టకుండా చూసుకోండి. రెండు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి, ఈలోగా గుసగుసగా మాట్లాడకండి. గుసగుస గొంతుకి విశ్రాంతి కాదు.